‘హీట్ టాలరెంట్ కాంబో’ జోలికి పోకండి, ఎనిమిదింటిలో ఏడు మాడిపోయాయి

వేడిని తట్టుకునే మొక్కల సెట్ అంటూ వచ్చిన ఆ కాంబో ప్రకటన ఈ వేసవిలో మొక్కలు పెంచే ప్రతి ఒక్కరికీ కనిపించే ఉంటుంది. రెండు హైడ్రాంజియాలు, రెండు ఫ్యూషియాలు, రెండు లావెండర్లు, రెండు జెరేనియాలు. ఫొటోల్లో పూలు చూసి ఆగలేకపోయాను. పార్సిల్ వచ్చి పదకొండు రోజులు. ఇవాళ పొద్దున ఏడోది పీకేశాను. కడుపు మండిపోతోంది.

అడక్కుండా కొన్నానేమో అనుకోకండి. ‘మాది పడమటి డాబా, మధ్యాహ్నం నుంచి ఐదున్నర దాకా నేరుగా ఎండ పడుతుంది, నీడ అన్నదే లేదు, తట్టుకుంటాయా?’ అని అమ్మేవాళ్ళకి మెసేజ్ పెట్టాను. ‘కళ్ళు మూసుకుని తీసుకోండి మేడమ్’ అని జవాబు. వెనకే ఫ్యూషియా లేబుల్ ఫొటో, దాని మీద జోన్ 10 అని. ఇంత పెద్ద అంకె ఉందంటే ఎంత వేడికైనా ఆగుతుందనుకున్నాను. అది నా తప్పే, ఒక్క పది నిమిషాలు వెతికి చూసుకోవాల్సింది.

ఆ అంకెకీ వేడికీ సంబంధమే లేదు. అది అమెరికా వ్యవసాయ శాఖ చలి లెక్క. ఒక ప్రాంతంలో చలికాలంలో ఉష్ణోగ్రత సగటున ఎంత కిందికి దిగుతుందో చెబుతుంది. జోన్ 10 అంటే దాదాపు మైనస్ 1 నుంచి ప్లస్ 4 డిగ్రీలు. వేడికి వేరే పటం ఉంది. ఏడాదిలో 30 డిగ్రీలు దాటే రోజులెన్నో లెక్కగట్టి అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో తెచ్చింది. మొక్కలమ్మేవాళ్ళకి ఈ తేడా తెలియదంటే నేను నమ్మను.

రెండో రోజు మధ్యాహ్నానికే హైడ్రాంజియా ఆకులు తడిగుడ్డల్లా వేలాడాయి. సాయంత్రానికి లేచాయి కదా అని ఊరుకున్నాను. నాలుగో రోజుకి అంచులు గోధుమరంగు, ఆరో రోజుకి చేత్తో ముట్టుకుంటే పొడుం. వాటి పక్కనే, అదే ఎండలో, నా బిళ్ళగన్నేరూ కాగితంపూలూ విరగబూస్తున్నాయి.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. అసలు మంట ఇక్కడే. ‘హీట్ టాలరెంట్ అన్నాం గానీ ఎండలో పెట్టమని ఎవరన్నారు? మావన్నీ షేడ్‌నెట్ కింద పెంచినవి’ అన్నాడాయన. షేడ్‌నెట్ అంటే ఎండని తగ్గించే నీడ వల. అంటే ముందే తెలుసు! డాబా సంగతి అంత వివరంగా రాసి అడిగినప్పుడు ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? అదే అడిగితే, ‘నీళ్ళు పొయ్యడం చేతకానివాళ్ళకి మొక్కలెందుకండీ’ అని పెట్టేశాడు. మెసేజ్‌లు తెరిచి చూస్తే నా ప్రశ్న అలాగే ఉంది, ఆయన జవాబు మాత్రం చెరిపేసి ఉంది. డబ్బులు పోయినందుకన్నా దానికే నాకు ఏడుపొచ్చింది. రోజూ పొద్దున్నే లేచి, ఒక్కొక్క ఆకు తిప్పి చూసుకుని నీళ్ళు పోసినదాన్ని.

చేతకాదన్న మాటకే ఇవాళ పీకిన మొక్కని వేరుముద్దతో సహా చీల్చి చూశాను. చుట్టూ నేను నింపిన మట్టి తడిగానే ఉంది. లోపల వాళ్ళు పంపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ముద్ద ఇటుకలా ఎండిపోయి ఉంది. అలా ఎండి గట్టిపడిన ముద్దలోకి నీళ్ళు త్వరగా దిగవు, పోసినదంతా పక్క మట్టిలోంచి దిగిపోతుంది. వేళ్ళు ఆ ముద్ద దాటి బయటికే రాలేదు.

కొనేవాళ్ళు ఇంకేం అడిగినా అడక్కపోయినా, ఆరుబయట ఎండలో పెంచారా, నెట్ కింద పెంచారా అన్నది మాత్రం రాతలో తీసుకోండి, తీసుకోగానే స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. నెట్ కింద పెరిగినవైతే ముందు నీడలో ఉంచి, పది పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా ఎండకి అలవాటు చెయ్యాలి. నాటే ముందు వేరుముద్దని బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి. పడమటెండ కుండీలకైతే గన్నేరు, అడీనియం, నూరువరహాలు, నాచుపూలు చూడండి. మండువేసవిలో అసలు కొనకండి, తొలకరి దాకా ఆగండి.

మిగిలిన ఒక్క జెరేనియాన్ని మెట్ల కింద నీడలో పెట్టాను. మొదలు దగ్గర చిన్న పచ్చటి కణుపు ఒకటి కనిపిస్తోంది.