ఊటీ టాయ్ ట్రైన్: కూనూరు దాకా ఎక్కి దిగితే సగం కూడా చూడనట్టే

మన ఊళ్లలో అమ్మే ఊటీ ప్యాకేజీ కాగితాల మీద ఆవిరి ఇంజన్ బొమ్మ తప్పకుండా ఉంటుంది. పొగ, లోయ, నీలం పెట్టెలు, పక్కనే "టాయ్ ట్రైన్ ప్రయాణం ఉచితం" అన్న మాట. తీరా వెళ్లాక చేతిలో పెట్టేది ఊటీ నుంచి కూనూరుకు టికెట్. అది 18 కిలోమీటర్ల ముక్క, లాగేది డీజిల్ ఇంజన్. పెట్టెలు అవే కాబట్టి చాలామందికి తేడా తెలియదు. పొగ ఏదని పిల్లలు అడిగితే పెద్దవాళ్ల దగ్గర జవాబుండదు. ఇది పచ్చి మోసం. బొమ్మలో చూపించిన బండి వేరు, ఎక్కించేది వేరు.

అసలు బండి కొండ కింద ఉన్న మేట్టుపాళయంలో పొద్దున 7:10కి బయల్దేరుతుంది. ఊటీ దాకా 46 కిలోమీటర్లు, చేరేసరికి మధ్యాహ్నం పన్నెండవుతుంది. మొదటి 8 కిలోమీటర్లు కల్లార్ దాకా నేల చదునే. కల్లార్ దాటాకే ఈ రైలు గొప్పతనం మొదలవుతుంది. అక్కడి నుంచి కూనూరు వరకు రెండు పట్టాల మధ్య ఇంకో జత ఇనుప కడ్డీలుంటాయి, వాటికి రంపంలా పళ్లు. ఇంజన్ అడుగున ఉన్న పళ్ల చక్రాలు ఆ పళ్లను పట్టుకుని పైకి పాకుతాయి. రెండు కడ్డీల పళ్లు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండవు, కాస్త వెనకా ముందూగా అమరుస్తారు. ఒక పన్ను వదిలేలోపు పక్క కడ్డీలో పన్ను పట్టేసుకుంటుంది, అందుకే కుదుపు రాదు. అక్కడ వాలు 12 అడుగులకు ఒక అడుగు. మామూలు పట్టాల మీద అంత వాలులో ఇనుప చక్రం జారిపోతుంది.

ఇంజన్‌కు నాలుగు సిలిండర్లుంటాయి. రెండు మామూలు చక్రాల్ని తిప్పుతాయి. వాటి నుంచి బయటికొచ్చిన ఆవిరే మిగతా రెండింట్లోకి వెళ్లి పళ్ల చక్రాల్ని తిప్పుతుంది. కల్లార్ దగ్గర చెవి పెట్టి వింటే శబ్దం మారడం తెలుస్తుంది: అప్పటిదాకా ఒక్క దరువు, అక్కడి నుంచి రెండు దరువులు కలగాపులగంగా. ఇంజన్ కింది వైపు ఉండి పెట్టెల్ని పైకి నెడుతుంది కాబట్టి ముందు పెట్టెలో కూర్చున్నవాళ్లకు ఎదురుగా అడ్డేమీ ఉండదు. ప్రతి పెట్టెకూ ఒక బ్రేక్‌మ్యాన్ బయట నిలబడి జెండా ఊపుతుంటాడు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను ఇది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మొత్తం 16 సొరంగాలు. దారిలో హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో ఇంజన్‌కు నీళ్లు పడతారు. దిగి టీ తాగొచ్చు, కానీ తినేది చేతిలో పట్టుకుని నిలబడితే కోతులు లాక్కుపోతాయి.

టికెట్ దొరకడమే కష్టం. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. స్టేషన్ కోడ్‌లు ఎంటీపీ (మేట్టుపాళయం) నుంచి యూఏఎం (ఊటీ). ఏప్రిల్, మే నెలల్లో, దసరా సెలవుల్లో కాసేపటికే అయిపోతాయి. ఛార్జీ సెకండ్ క్లాసులో 300 లోపు, ఫస్ట్ క్లాసులో 600 దగ్గర. బల్లలు ఇరుకు, మోకాళ్లు ఎదుటివాళ్లకు తగులుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఫస్ట్ క్లాసే తీసుకోండి, లేకపోతే ఆ ఐదు గంటలూ వాళ్ల విసుగు వినాల్సి వస్తుంది. కూనూరు దాకా లోయ ఎడమవైపు కనిపిస్తుంది, సీటు ఎంచుకునే వీలుంటే అటే కూర్చోండి. పైకి వెళ్లే టికెట్ దొరక్కపోతే దిగే బండి చూడండి. ఊటీలో మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరి సాయంత్రం ఐదున్నర దాటాక మేట్టుపాళయం చేరుతుంది. అదీ పళ్ల పట్టాల మీదే దిగుతుంది, కాబట్టి డబ్బు వృథా కాదు. ఆ రాత్రే చెన్నైకి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఈ లైనును నమ్ముకోవద్దు. ఈశాన్య రుతుపవనాల వానకు కొండచరియలు జారి పట్టాల మీద పడతాయి, బండి రోజుల తరబడి రద్దవుతుంది.

హైదరాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు ఆ పొద్దున్నే ఈ బండి అందుకోలేరు. ముందు రోజే మేట్టుపాళయం వచ్చి రాత్రి అక్కడ పడుకోవాలి. చెన్నై మీదుగా వచ్చేవాళ్లకు నీలగిరి ఎక్స్‌ప్రెస్ సరిగ్గా సరిపోతుంది.

సొంత కారులో మైసూరు మీదుగా వచ్చేవాళ్లు మూడు సంగతులు చూసుకోవాలి. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. మసినగుడి మీదుగా కల్హట్టి ఘాట్ దగ్గరి దారే, కానీ 36 హెయిర్‌పిన్ మలుపులు. అటు బయటి ఊళ్ల బండ్లను కిందికి దిగనివ్వరు. బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే బ్రేకు కాలిపోయి పట్టు తప్పుతుంది, అక్కడ జరిగే ప్రమాదాలకు కారణం అదే. కొత్తవాళ్లు గూడలూరు మీదుగా రండి, దూరమైనా నయం. ఏ ఘాట్‌లోనైనా ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాలి. మూడోది ఈ-పాస్, అంటే నీలగిరి జిల్లాలోకి వచ్చే బండికి అనుమతి. 2024 మే 7 నుంచి ఇది తప్పనిసరి, ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు, రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి కూడా పెట్టారు. డబ్బు తీసుకుని పాస్ ఇప్పిస్తామనేవాళ్లకు పైసా ఇవ్వొద్దు. ప్రభుత్వ బస్సులో, రైల్లో వచ్చేవాళ్లకు పాస్ అక్కర్లేదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చెక్‌పోస్టులోనే తీసేసుకుంటారు, స్టీలు సీసా తెచ్చుకోండి.

గదుల విషయంలో మనవాళ్లు ఏసీ ఉందా అని అడిగి దెబ్బతింటారు. ఊటీ 2,200 మీటర్ల ఎత్తులో ఉంది, ఏసీతో పనే లేదు. అడగాల్సినవి వేరే. వేడినీళ్లు రోజంతా వస్తాయా, పొద్దున రెండు గంటలేనా? హీటరుకు రోజుకు ఎంత? రజాయిలు ఎండేశారా? ఎండ తగలని గదిలో గోడ చెమ్మకు రజాయి ముక్క వాసన కొడుతుంది, ఆ వాసనకు రాత్రంతా నిద్ర పట్టదు. డబ్బు కట్టకముందే గదిలోకి వెళ్లి రజాయి మడత విప్పి వాసన చూడండి. సీజన్‌లో అద్దె రెండు మూడింతలవుతుంది. అప్పుడు కూనూరులో దిగడం మంచిది, రద్దీ తక్కువ, చలీ కాస్త తక్కువ.

ఊళ్లో చూడాల్సినవాటిలో బొటానికల్ గార్డెన్ (1848) తెరవగానే వెళ్లండి. దొడ్డబెట్ట 2,637 మీటర్లు, పొద్దున్నే వెళ్తేనే ఏమైనా కనిపిస్తుంది. మధ్యాహ్నానికి మంచు కమ్మేసి పక్క మనిషే కనపడడు. సెయింట్ స్టీఫెన్స్ చర్చికి ఏ ప్యాకేజీ వాడూ తీసుకెళ్లడు. 1830 నాటి కట్టడం, దూలాలు శ్రీరంగపట్నంలోని టిప్పు మహలు నుంచి తెచ్చినవి. అరగంట ఉన్నా చాలు, తృప్తిగా ఉంటుంది.

ట్యాక్సీవాళ్లు ఆపే చాక్లెట్ కొట్లలో, టీ ఫ్యాక్టరీ కొట్లలో తొందరపడి కొనొద్దు, బజారులో ధర కనుక్కున్నాకే కొనండి. ఊటీ వర్కీ అనే కరకరలాడే బిస్కెట్ మాత్రం బేకరీలో ఆ రోజు కాల్చిందే తీసుకోండి. పొరలు పొరలుగా విరుగుతుంది, వేడి టీలో ముంచుకు తింటే భలే ఉంటుంది. నీలగిరి తైలం కొనేటప్పుడు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయమనండి. స్వచ్ఛమైనదైతే కాసేపటికి మరక లేకుండా ఆరిపోతుంది. జిడ్డు మరక మిగిలితే వేరే నూనె కలిపినట్టే, ఆ సీసా అక్కడే వదిలేసి రండి.