చువ్వకి ఒకటే రొయ్య

మొన్న శనివారం ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్ళాం. ప్రయాణం, వెళ్ళిన పని సాఫీగానే అయిపోయాయి. దెబ్బ తిన్నది రాత్రి భోజనం దగ్గర.

గచ్చిబౌలిలో ఉండే మా బావమరిది "బార్బెక్యూకి పోదాం బావా, తిన్నవాడికి తిన్నంత" అని ఏడు గంటల స్లాట్ బుక్ చేశాడు. 3 ఏళ్ళ కిందట అక్కడే మామూలు రోజు మధ్యాహ్నం మనిషికి 649తో తిన్నాం. ఈసారి శనివారం రాత్రి రేటు నాన్‌వెజ్ 1,099, వెజ్ 999, ఎనిమిదేళ్ళ మా వాడికి 599. శనివారం అమ్మ నీసు ముట్టదు. ఆ 999కి ఆవిడ తిన్నది నాలుగు పనీర్ ముక్కలు, కాల్చిన పైనాపిల్, కాస్త పప్పన్నం.

టేబుల్ మధ్యలో నిప్పుల పెట్టె పెట్టారో లేదో కార్న్, ఆలుగడ్డలు, చికెన్ వింగ్స్ ఒకటే రావడం. ఇక చాలని టేబుల్ మీది చిన్న జెండా మనం దించేదాకా తెస్తారు, నిజమే. రొయ్యలు మాత్రం మూడుసార్లు అడిగితే నలభై నిమిషాలకు వచ్చాయి. చువ్వ నిండా క్యాప్సికం, ఉల్లిపాయ, మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఒక్క రొయ్య. అదీ రబ్బరులా సాగింది. నిప్పులు బూడిద పట్టాయి, మార్చమంటే "ఇప్పుడే సార్" అని వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు. మటన్ సీక్ కబాబ్ వచ్చేసరికి కడుపులో చోటేదీ? వాళ్ళకి కావల్సిందీ అదే. కార్న్ మాత్రం బావుంది, మా వాడు మూడు గిన్నెలు లాగించాడు. కుల్ఫీ చేతిలో ఉండగానే, తొమ్మిది గంటల వాళ్ళు వచ్చేశారని గుర్తు చేశారు.

బిల్లు 5,397. అందులో 5 శాతం సర్వీస్ ఛార్జీ. తీసెయ్యమన్నాను. "అందరూ ఇస్తారు సార్" అన్నాడు మేనేజర్. అది కట్టడం మన ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఆ మాటే అంటే మొహం ముడుచుకుని 5,140కి తగ్గించాడు. 257 మిగిలింది. బావమరిది మాత్రం పరువు పోయినట్టు కారెక్కేదాకా మాట్లాడలేదు.

వెళ్ళాలనుంటే మామూలు రోజు మధ్యాహ్నమే వెళ్ళండి. మొదటి గంటలో కార్న్ జోలికి పోకండి. శాకాహారులనైతే అసలు తీసుకెళ్ళొద్దు.

బావమరిది ఇంటికెళ్ళేసరికి పది దాటింది. అమ్మ నేరుగా వంటింట్లోకెళ్ళి, మధ్యాహ్నం అన్నంలో పెరుగు కలుపుకుంది.