మా వీధి చివర పాల పార్లర్ బకెట్ పెరుగు: రుచి సూపర్, కానీ తేట గోల

కేజీ బకెట్ పెరుగు మూడు నెలల నుంచి తెప్పించుకుంటున్నాం, షాపు పేరు రాయను, ఓనర్ రోజూ కనపడే మనిషి. రుచికి వంక పెట్టలేం, పులుపు తక్కువ, కమ్మగా ఉంటుంది, ఆవకాయ ముక్క నంజుకుంటే పెరుగన్నం ఇంకో ముద్ద ఎక్కువే పోతుంది.

గొడవంతా తేటతో. పొద్దున మూత తీస్తే గడ్డ నున్నగా ఉంటుంది, గరిటెతో ఒక పక్క తీశామా, మధ్యాహ్నానికి ఆ గుంట నిండా పచ్చటి నీళ్లు. మా అత్తయ్యయితే "పాలల్లో నీళ్లు కలిపాడే" అని తేల్చేసింది. కాదత్తయ్యా, ఆ పచ్చదనం బి2 విటమిన్‌ది, మజ్జిగలో కలిపేద్దాం అన్నా వినదు.

నేను కొన్నాళ్లు డెయిరీ ల్యాబ్‌లో చేశాను కాబట్టి చెప్తున్నా. పాలల్లో కేసిన్ అనే ప్రోటీన్ కంటికి ఆనని ఉండలుగా తేలుతుంటుంది, వాటి మీద నెగటివ్ చార్జ్ కూడా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి అంటుకోవు, తోడేశాక పులిసి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.7 నుంచి 4.6 వైపు దిగేసరికి ఆ చార్జ్ పోయి అన్నీ అతుక్కుని వలలా అవుతాయి, నీళ్లు ఆ వల కళ్లల్లోనే ఇరుక్కుని ఉంటాయి. వల తెగితే బయటికొచ్చేస్తాయి, అంతే.

ఓనర్‌ని అడిగితే "ప్యాకెట్ పాలే కదండీ, పాశ్చరైజ్ చేసినవే, గోరువెచ్చగా చేసి తోడేస్తాం" అన్నాడు. అక్కడే ఉంది తిరకాసు! పాశ్చరైజేషన్ అంటే మామూలుగా 72 డిగ్రీల్లో 15 సెకన్లు, అది సూక్ష్మజీవులకి సరిపోతుంది గానీ గడ్డకి చాలదు, 85-90 డిగ్రీల్లో కాసేపు కాగితేనే మిగతా ప్రోటీన్లు కూడా కేసిన్‌కి అతుక్కుని వల గట్టిపడుతుంది. అవే ప్యాకెట్ పాలు ఇంట్లో పది నిమిషాలు మరగనిచ్చి తోడేశా, గరిటె గుంట రాత్రి దాకా దాదాపు పొడిగానే ఉంది.

పైగా డెలివరీ అబ్బాయి బకెట్ బండి హ్యాండిల్‌కి తగిలించుకుని స్పీడ్ బ్రేకర్ల మీదుగా వస్తాడు, ఇంక గడ్డ ఏం నిలుస్తుంది.

అసలు తేటే రాని పెరుగు కూడా ఇంకోచోట కొన్నా, చేతికి జిగురు తగిలింది, అయోడిన్ చుక్క వేస్తే నీలం తిరిగింది, గంజి పిండి అన్నమాట. దానికంటే ఇదే నయం.

రుచికి నాలుగు స్టార్లు, గడ్డకి రెండు. కొంటే డెలివరీ పెట్టుకోకండి, నడిచెళ్లి చేత్తో తెచ్చుకోండి, గుంట తవ్వకుండా పైపైన పొరలా తీసుకోండి.