ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ ‘షార్ట్‌కట్’ ప్యాకేజీ: డబ్బు కట్టేముందు ఆన్సర్ కీ చూపించమనండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల వాళ్ళు కాస్త చూసుకోండి. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షకి, ‘ప్యాసేజ్ చదవక్కర్లేదు, రీడింగ్‌లో 7 బ్యాండ్ (అంటే స్కోరు) గ్యారంటీ’ అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. స్పైరల్ బైండింగ్ చేసిన రెండు పుస్తకాలు, ఫోన్లో కొన్ని వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూపు. మొత్తం 14,500 రూపాయలు. మా పిన్ని కూతురు కొంది. తను నర్సు, యూకే వెళ్ళే ప్రయత్నంలో ఉంది. అక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకి రీడింగ్‌లో 7 రావాలి. అంటే నర్సులు రాసే అకడమిక్ రకం పేపర్లో 40 ప్రశ్నలకి సుమారు 30 కరెక్టు కావాలి. నైట్ డ్యూటీలు చేసుకుంటూ చదివే పిల్లకి ‘చదవక్కర్లేదు’ అన్న మాట ఎంత నచ్చుతుందో వేరే చెప్పాలా?

నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఎంత ప్రాక్టీసు చేసినా మార్కులు కదలట్లేదని చెల్లి ఆ పుస్తకాలు నా దగ్గరికి తెచ్చింది. తిరగేస్తే ఆన్సర్ కీయే తప్పుల తడక. రెండు పదాలకు మించి రాయొద్దని ప్రశ్నలోనే ఉంటే, కీలో మూడు పదాల జవాబు ఉంది. అసలు పరీక్షలో అలా రాస్తే ఆ మార్కు పోయినట్టే. ఒకచోట ఒక ప్యాసేజ్ కింద ఇంకో ప్యాసేజ్ జవాబులు అచ్చేశారు. ఫలానా జవాబు ఎందుకు కరెక్టో ఎక్కడా ఒక్క ముక్క వివరణ లేదు.

అన్నిటికంటే దారుణం ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నలు, అంటే ఇచ్చిన మాట ప్యాసేజ్ ప్రకారం నిజమా, తప్పా, అసలు చెప్పనే లేదా అని తేల్చేవి. నాట్ గివెన్ కావాల్సినవి చాలావరకు ఫాల్స్ అని వేశారు. చెల్లికి తేడా తెలియాలని మన ప్రాంతం సంగతే రెండు వాక్యాలు రాసిచ్చాను: ‘ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట పనులు కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయ్యాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నీరు ఇక్కడి నుంచే అందుతుంది.’ ఇదే ప్యాసేజ్ అనుకోండి. ‘పనులు పదేళ్ళకు పైగా సాగాయి’ అన్నది ఫాల్స్, ఆ రెండు సంవత్సరాలే దాన్ని కొట్టేస్తున్నాయి. మరి ‘కాలువ నీళ్ళ వల్ల డెల్టాలో చేపల చెరువులు పెరిగాయి’ అంటే? భీమవరం రోడ్డు మీద తిరిగేవాళ్ళెవరికైనా చెయ్యి ట్రూ వైపే పోతుంది. కానీ ప్యాసేజ్‌లో చేపల ఊసే లేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాబట్టి నాట్ గివెన్. ఫాల్స్ పెట్టాలంటే ప్యాసేజ్ ఆ మాటని కాదనాలి, ఊరుకుంటే చాలదు. నర్సులకి ఆరోగ్యం మీద ప్యాసేజ్ వచ్చినప్పుడు మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. వార్డులో చూసింది గుర్తొచ్చి, పేపర్లో లేనిది ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక వీడియోల్లో చెప్పే ట్రిక్కులు. ‘ఆల్’, ‘ఓన్లీ’ లాంటి మాట కనిపిస్తే కళ్ళు మూసుకుని ఫాల్స్ పెట్టమంటారు. పై ఉదాహరణలోనే ‘మూడు డెల్టాలన్నిటికీ నీరు ధవళేశ్వరం నుంచే వస్తుంది’ అని ఇస్తే అది నిక్షేపంగా ట్రూ. ప్యాసేజ్‌లోని పదం ఏ ఆప్షన్లో ఉంటే దానికి టిక్ పెట్టమనడం ఇంకా ఘోరం. ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు తప్పు ఆప్షన్లలోనే ఆ పదాలు ఎరగా వేస్తారు, అసలు జవాబుని వేరే మాటల్లో చెబుతారు. పేరాకి తగిన శీర్షిక ఎంచుకునే హెడ్డింగ్ ప్రశ్నలకి పేరాలో మొదటి వాక్యం చాలట! మొదటి వాక్యంలో పాత నమ్మకం చెప్పి, వెంటనే ‘హవెవర్’ అని తిప్పేసే పేరాలు ఎన్ని లేవు?

కీవర్డ్ వెతకడమే తప్పని నేను అనను. 60 నిమిషాల్లో మూడు ప్యాసేజ్‌లు, పైగా రీడింగ్‌లో జవాబులు షీటులోకి ఎక్కించుకోవడానికి వేరే టైమ్ ఇవ్వరు. వెతకడం రావాల్సిందే. అయితే కీవర్డ్ మనల్ని జవాబున్న చోటికి తీసుకెళ్తుందంతే. అక్కడ ఆగి, ముందూ వెనకా వాక్యాలు నింపాదిగా చదవాలి. ఆ పుస్తకంలో నాకు కనిపించిన ఒకే ఒక్క పనికొచ్చే ముక్క, ‘తప్పుకి మైనస్ లేదు, ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు’ అన్నది. దానికి 14,500 అక్కర్లేదు. ఇవే ట్రిక్కులు అట్ట మార్చి బ్యాంకు పరీక్షల పిల్లలకి కూడా అంటగడుతున్నారని విన్నాను. అక్కడ తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోస్తారు, జాగ్రత్త.

డబ్బు వెనక్కి అడిగితే ‘వీడియోలు ఓపెన్ చేశారు కదండీ’ అన్నారు. మరి గ్యారంటీ మాటేమిటంటే, అది రోజూ నాలుగు గంటలు కూర్చున్నవాళ్ళకేనట. మర్నాడు చెల్లిని గ్రూపులోంచి తీసేశారు. రసీదు ఇవ్వలేదు, యూపీఐ స్క్రీన్‌షాట్, పోస్టర్ ఫొటో మాత్రం ఉన్నాయి. వాటితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టించాను. ర్యాంకులు, మార్కులు గ్యారంటీ అంటూ కోచింగ్ వాళ్ళు తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే ఆ పోస్టర్ ఎక్కడ కనబడినా ఒక ఫొటో తీసి దాచుకోండి.

ప్రాక్టీసుకి ఈ పరీక్షకి సంబంధించిన సంస్థలైన బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ సైట్లలో ఉచిత నమూనా పరీక్షలున్నాయి. కేంబ్రిడ్జి వాళ్ళ ప్రాక్టీసు పేపర్ల పుస్తకాలు కీతో సహా దొరుకుతాయి, జిరాక్స్ కాకుండా అసలు పుస్తకమే కొనండి. ఎక్కడైనా చేరేముందు ఒక ప్రశ్న మీద వేలు పెట్టి, ‘మిగతా ఆప్షన్లు ఎందుకు కావు?’ అని అడగండి. ప్యాసేజ్‌లో లైను చూపించి చెబితే కూర్చోండి. ‘అది మా టెక్నిక్ మేడమ్, జాయినయ్యాక చెబుతాం’ అంటే లేచి వచ్చేయండి.

ఈమధ్య అదే పుస్తకం ‘నర్సెస్ స్పెషల్’ అని కొత్త అట్టతో వచ్చింది. మా చెల్లి స్నేహితురాలి దగ్గర చూశాను. మూడు పదాల జవాబు అలాగే ఉంది.