పైన్ చెట్లను పలుచన చేయించిన సేవ: కోత చక్కగా ఉంది, కొమ్మలతోనే చిక్కు

కొలరాడోలో, ఎస్టిస్ పార్క్ దగ్గర మాకున్న చిన్న ఇంటి చుట్టూ పాండరోసా పైన్ చెట్లు మరీ గుబురుగా పెరిగిపోవడంతో, గత వసంతంలో ఒక స్థానిక సంస్థ చేత వాటిలో కొన్నింటిని కొట్టించి పలుచన చేయించాము. బియ్యపు గింజంత ఉండే మౌంటెన్ పైన్ బీటిల్ అనే బెరడు పురుగు 1996 తరువాత ఈ రాష్ట్రంలో లక్షల ఎకరాల పైన్ అడవిని ఎండబెట్టింది. నీటికీ వెలుగుకీ పోటీపడి నీరసించిన చెట్టు పురుగును తరిమే జిగురును తగినంత కార్చలేక దానికి లొంగిపోతుంది; ఎడం దొరికిన చెట్టుకు తట్టుకునే బలం పెరుగుతుంది.

వచ్చిన పనివాడు తొందరపడి రంపం ఎత్తలేదు. ఒక చెట్టు బెరడుపై, పురుగు తొలిచిన చోట పేలాల్లా గడ్డకట్టిన జిగురును ముందు చూపించి, గొడ్డలితో చిన్న చెక్కు తీసి, లోపలి కలపకు పట్టిన నీలిరంగును చూపాడు. ఆకులింకా పచ్చగానే ఉన్నా, పురుగు మోసుకొచ్చిన శిలీంధ్రం నీటి నాళాలను మూసేయడంతో ఆ చెట్టు అప్పటికే చచ్చినట్టే. ఈ ఓపికకు పూర్తి మార్కులు వేస్తాను.

అయితే నరికిన లావుపాటి పచ్చి కొమ్మలను బతికున్న చెట్ల మొదళ్ల దగ్గరే కుప్పపోసి వెళ్లిపోయారు. ఇప్స్ అనే మరో బెరడు పురుగు సరిగ్గా అలాంటి కొమ్మల్లోనే గుడ్లు పెట్టి పెరిగి, పక్క చెట్ల మీదికి పాకుతుంది. మూడుసార్లు ఫోన్ చేసినా ఎవరూ రాకపోతే, చివరికి నా ఖర్చుతోనే వాటిని చిన్న ముక్కల పొట్టుగా కొట్టించుకున్నాను.

ఐదుకు మూడున్నర. పిలిచేవారు కొమ్మల తరలింపును ఒప్పందంలోనే రాయించుకోండి.