అమాల్ఫి తీరం చర్చిలు: గుమ్మటాల కన్నా తలుపులు ముఖ్యం

ఇటలీలోని నేపుల్స్‌కు దక్షిణాన, వియెత్రి నుంచి పొసిటానో దాకా కొండ అంచునే సాగే ఎస్‌ఎస్ 163 రోడ్డు మీద ఊరికొక చర్చి ఉంది. పడవలోంచి చూస్తే అన్నీ ఇంచుమించు ఒక్కలాగే కనబడతాయి: రంగు పెంకుల గుమ్మటం, పక్కన గంట గోపురం, కింద సముద్రం. ఫొటోలకైతే ఏదైనా సరే. లోపలికి వెళ్లి చూడాలనుకునేవాళ్లకు ఒక్కరోజే ఉంటే అమాల్ఫి, అట్రాని, రవెల్లో చాలు. ఈ మూడింటినీ కలిపి చూడమనడానికి కారణం వాటి కంచు తలుపులు. ఈ తీరం వర్తకులు ఒకప్పుడు ఎంత దూరం వెళ్లొచ్చారో వాటిని చూస్తే తెలుస్తుంది.

అమాల్ఫి కతీడ్రల్‌కు 62 మెట్లు. నిటారుగా ఉంటాయి, నీడ ఉండదు. పైన చారల ముఖభాగాన్ని చూసి అందరూ వెయ్యేళ్ల నాటిదనుకుంటారు. కాదు. 1861లో పాతది కూలిపోతే మళ్లీ కట్టి 1891లో పూర్తిచేశారు. నిజంగా పాతది దాని మధ్యనున్న తలుపు. పాంతలెయోనె అనే అమాల్ఫి ధనికుడు 1066కు ముందే కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) పోతపోయించి తెప్పించాడు. దీన్ని చూసి ముచ్చటపడే మాంటె కసీనో మఠాధిపతి దెసిదేరియో తన మఠానికీ అలాంటి తలుపులే చేయించుకున్నాడు. క్రీస్తు, మరియ, పేతురు, అంద్రెయల బొమ్మలు మధ్య పలకల మీద ఉంటాయి. ఉబ్బెత్తు పని కాదు, గీతలు చెక్కి వెండి పొదిగిన పని. సూటిగా ఎదుట నిలబడితే ఆ గీతలు కంటికి ఆనవు. వెలుతురు ఒక పక్కనుంచి పడేలా కాస్త వారగా నిలబడాలి.

టికెట్ కౌంటర్ మెట్లెక్కాక ఎడమవైపు ఉంటుంది. దారి ఒకటే: స్తంభాల ప్రాంగణం, పాత బసిలికా, నేలమాళిగ, చివర్లో కతీడ్రల్. మధ్యలో వెనక్కి తిరగనివ్వరు కాబట్టి ప్రాంగణాన్ని హడావిడిగా దాటేయకండి. ఊళ్లోని గొప్ప కుటుంబాల సమాధుల కోసం 1260ల్లో కట్టింది ఇది. జంట స్తంభాల మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే తెల్లని కమానుల్లో అరబ్బుల అభిరుచి స్పష్టంగా ఉంది. టికెట్‌కు పెట్టిన కొద్ది యూరోలూ ఇక్కడే గిట్టుబాటవుతాయి. నేలమాళిగలో యేసు శిష్యుల్లో ఒకడు, అపొస్తలుడైన అంద్రెయ అవశేషాలున్నాయి. నాలుగో క్రూసేడు తర్వాత కాన్‌స్టాంటినోపుల్ నుంచి కార్డినల్ పియెత్రో కపువానో తెచ్చాడు. చెన్నై శాంథోమ్ చర్చి చూసినవాళ్లకు అపొస్తలుడి సమాధి మీద కట్టిన గుడి అంటే కొత్త కాదు. కాకపోతే అక్కడి నిరాడంబరత ఇక్కడ వెతకొద్దు. గోడ నుంచి పైకప్పు దాకా చలువరాయి, చిత్రాలు. కాస్త ఊపిరాడనట్టే ఉంటుంది.

జూన్ 27న, నవంబరు 30న అంద్రెయ పండుగలు. విగ్రహాన్ని మోసేవాళ్లు ఆ 62 మెట్లూ పరుగున ఎక్కుతారు. అది చూడటానికైతే రండి. చర్చి చూడటానికి మాత్రం ఆ రెండు రోజులూ పనికిరావు.

అట్రాని పది నిమిషాల నడక. రోడ్డు అంచున నడవడం ప్రమాదం, మలుపులో బస్సు వస్తే ఒదిగే చోటు ఉండదు. కార్ పార్కింగ్ పక్కనుంచి పాదచారుల సొరంగం ఉంది, అది పట్టుకోండి. ఊరు మొత్తం 0.12 చదరపు కిలోమీటర్లు. అమాల్ఫి పాలకులకు అధికార చిహ్నంగా టోపీ పెట్టిన సాన్ సాల్వతోరె చర్చి ఇక్కడిదే, బయటినుంచి చాలా మామూలుగా ఉంటుంది, తరచూ మూసే ఉంటుంది. 1087 నాటి దాని కంచు తలుపులు ఇప్పుడు కొండవైపున్న మగ్దలేనే మరియ చర్చిలో ఉన్నాయి. తెరిచి ఉంటే పావుగంట కేటాయించండి, లేకపోతే ఆగొద్దు.

రవెల్లోకు అమాల్ఫి నుంచి సీటా (ఇక్కడి బస్సు సంస్థ) బస్సు, అరగంట లోపే. టికెట్ ముందే టబాకీ (పొగాకు సరుకుల) దుకాణంలో కొనుక్కోవాలి, బస్సెక్కాక యంత్రంలో ముద్ర వేసుకోవాలి. కతీడ్రల్ తలుపులు 1179లో బరిసానో ద త్రాని చేసినవి, 54 పలకలు. అమాల్ఫి తలుపు చూసి వెంటనే ఇక్కడికి వస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది: అక్కడ గీత, ఇక్కడ పోతలోనే పైకి లేచిన బొమ్మ. పనివాడు అచ్చులను మళ్లీమళ్లీ వాడాడు. ఎడమ రెక్కలో ఉన్న బొమ్మే కుడి రెక్కలోనూ కనబడుతుంది, జత కలిపి చూడండి.

లోపల అలంకారం తక్కువ, అదే దీని గొప్పదనం. కుడివైపు 1272 నాటి ప్రసంగ వేదిక ఆరు మెలిక స్తంభాల మీద, స్తంభాలు సింహాల మీద నిలుస్తాయి. ఎదురుగా ఉన్న అంతకన్నా పాత వేదిక మీద ఒకపక్క చేప బైబిల్ ప్రవక్త యోనాను మింగుతోంది, రెండోపక్క కక్కుతోంది. ఈ తీరంలో ఒక్క మొజాయిక్‌నే చూడగలిగితే అది ఇదే కావాలి. మధ్యాహ్నం వేళ ఎదుటి తలుపు మూసి ఉంటే వెనుదిరగకండి, పక్కనున్న మ్యూజియంలోంచి దారి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అమాల్ఫి మెట్లకన్నా ఇదే నయం.

పొసిటానో చర్చి గుమ్మటం బాగా అమ్ముడుపోయే పోస్టుకార్డు. లోపల బైజాంటైన్ శైలి మరియ చిత్రం తప్ప పెద్దగా లేదు. కానీ దాని కింద, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన రోమన్ విల్లా ఉంది. గోడ చిత్రాల రంగులు ఇంకా నిగనిగలాడుతున్నాయి. చిన్న గుంపులుగా, సమయం ప్రకారం పంపుతారు. ముందుగా బుక్ చేసుకోకుండా వేసవిలో వెళితే ఖాళీ చేతులతో రావలసిందే.

చర్చిల్లో చాలావరకు మధ్యాహ్నం పన్నెండు దాటాక మూసి, నాలుగింటి తర్వాత తీస్తారు. ఆదివారం పొద్దున ప్రార్థనలు, వేసవి శనివారాలు పెళ్లిళ్లు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చున్నీ ఒకటి బ్యాగులో ఉంటే సరిపోతుంది. అద్దె కారు వద్దు: వేసవి రద్దీ రోజుల్లో నంబరు ప్లేటు సరి-బేసిని బట్టి వదులుతారు, పార్కింగ్ దొరకదు. సలేర్నో దాకా రైల్లో వచ్చి పడవెక్కితే అమాల్ఫి అరగంట పైచిలుకు. అలలు లేస్తే పడవలు ఆపేస్తారు కాబట్టి తిరుగు ప్రయాణానికి చివరి బస్సు వేళ రాసి పెట్టుకోండి.

రెండో రోజు కూడా ఉంటే మయోరి దాటాక రోడ్డు పక్కనే ఉన్న సాంత మరియ దె ఒలెయారియాకు వెళ్లండి. పదో శతాబ్దంలో సన్యాసులు కొండ గుహలో మొదలుపెట్టిన మఠం, ఒకదాని మీద ఒకటిగా మూడు చిన్న ప్రార్థనా మందిరాలు, గోడలకు మసకబారిన పాత చిత్రాలు. తెరిచే రోజులు తక్కువ. మయోరి పర్యాటక కార్యాలయంలో అడిగి, డ్రైవరుకు దిగే చోటు ముందే చెప్పి బస్సెక్కండి. చెప్పకపోతే ఆ మలుపులో బస్సు ఆగదు.