జర్మనీ సెమిస్టర్ టికెట్: వాడిన మనిషిగా నా మాట

జర్మనీలో నేను డబ్బు పెట్టిన వాటన్నిటిలోకీ పూర్తిగా గిట్టుబాటైంది సెమిస్టర్ టికెట్టే, అంటే విద్యార్థులకి ఇచ్చే బస్సు, రైలు పాసు. ఈ సెలవుల్లో విశాఖ కూర్మన్నపాలెంలో మా ఇంటికి వచ్చి, అక్టోబరు సెమిస్టర్‌కి వెళ్తున్నాం అక్కా, ఏం కొనాలి, ఏం తీసుకెళ్ళాలి అని అడుగుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నోటితో చెప్తున్నదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. కుక్కరు, దుప్పట్లు, కారప్పొడుల గురించి చెప్పేవాళ్ళు మనకి చాలామంది ఉన్నారు. దీని గురించి నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముందు అదేంటో చెప్తా. 2022 వేసవిలో జర్మనీ ప్రభుత్వం మూడు నెలల పాటు నెలకి 9 యూరోలకే దేశమంతా తిరిగే టికెట్ ఇచ్చింది. జనం ఎగబడ్డారు. దాని కొనసాగింపుగా 2023 మే 1న డాయిచ్‌లాండ్ టికెట్ వచ్చింది. అప్పుడు నెలకి 49 యూరోలు. 2025 జనవరిలో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. విద్యార్థులకి ఇచ్చే సెమిస్టర్ టికెట్ దీని చిన్న చెల్లెలు. అసలు ధరలో 60 శాతమే కట్టాలి. 2025 వేసవి సెమిస్టర్‌లో నెలకి 34.80 పడింది, అంటే ఆరు నెలలకి 208.80. విడిగా కొనక్కర్లేదు, సెమిస్టర్ ఫీజులోనే కలిపి తీసుకుంటారు. ఊళ్ళో బస్సు, ట్రాము, మెట్రో, శివార్లకి వెళ్ళే ఎస్-బాన్ లోకల్ రైళ్ళు, ఊరికీ ఊరికీ మధ్య తిరిగే ఆర్‌బీ, ఆర్‌ఈ రైళ్ళు, అన్నీ ఎక్కొచ్చు. దేశం ఈ చివర నుంచి ఆ చివరకి చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ లాంటి ఎక్స్‌ప్రెస్ రైళ్ళు మాత్రం ఎక్కకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. వీసా కోసం మనం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో) ముందే వేసేది ఏడాదికి 11,904 యూరోలు. చేతికొచ్చేది నెలకి 992. అందులో అద్దె, ఇన్సూరెన్స్ పోతే మిగిలిన ప్రతి యూరోనీ రూపాయల్లోకి మార్చుకుని చూసుకోవడం మనందరికీ అలవాటే. క్లాసులో ఎవరైనా "శనివారం కొలోన్ వెళ్తున్నాం, వస్తావా?" అంటే నోటికి మొదట వచ్చే మాట "అసైన్‌మెంట్ ఉంది" అని. అలా రెండుసార్లంటే మూడోసారి ఎవరూ అడగరు. మన పిల్లలు అక్కడ ఒంటరిగా మిగిలిపోవడానికి భాష కారణం అంటారు. నేను చూసినంతవరకు భాష కన్నా ముందు ఈ ఛార్జీల లెక్కే అడ్డం వస్తుంది. టికెట్ ముందే కట్టేసి ఉంటే ఆ లెక్క ఉండదు. చెప్పులేసుకుని బయల్దేరడమే. ఈ టికెట్‌కి నేనిచ్చే మొదటి మార్కు దానికే.

నేను చదువుతున్నది డూయిస్‌బుర్గ్-ఎస్సెన్ యూనివర్సిటీలో, మెటలర్జీ. విశాఖ స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్లకి ఆ ఊరు కొత్తగా అనిపించదు. ఐరోపాలో అతి పెద్ద నదీ రేవు అక్కడే, పెద్ద ఉక్కు కర్మాగారం అక్కడే. ఊళ్ళో 903 నంబరు ట్రాము ఎక్కితే లాండ్‌షాఫ్ట్స్‌పార్క్ అనే చోటికి వెళ్ళొచ్చు. 1985లో మూతపడ్డ ఇనుము ఫ్యాక్టరీని కూల్చకుండా 1994లో పార్కు చేసేశారు. లోపలికి టికెట్ లేదు. ఐదో నంబరు బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి) పైకి దాదాపు 70 మీటర్ల ఎత్తు వరకు మెట్లెక్కి వెళ్ళొచ్చు. పాత గ్యాస్ ట్యాంకులో నీళ్ళు నింపి డైవింగ్ నేర్పుతున్నారు. కాస్ట్ హౌస్‌లో వేసవి సాయంత్రాలు సినిమాలు వేస్తారు. వారాంతాల్లో చీకటి పడ్డాక చిమ్నీలకీ పైపులకీ రంగురంగుల లైట్లు వెలుగుతాయి.

ఒక శుక్రవారం ల్యాబ్ అయ్యాక టర్కీ అబ్బాయి, వియత్నాం అమ్మాయి, ఇరాన్ నుంచి వచ్చిన మా సీనియర్, నేను అనుకోకుండా ట్రాము ఎక్కేశాం. ఫర్నేస్ దగ్గర నుంచుని నాన్నకి వీడియో కాల్ చేశా. మన ఊళ్ళో అప్పటికి అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తారు. నాన్న ఉద్యోగమంతా బ్లాస్ట్ ఫర్నేస్ డిపార్ట్‌మెంట్‌లోనే గడిచింది. మన ప్లాంట్‌లో ఫర్నేస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లుంటాయని ఆ ముగ్గురికీ చెప్పింది ఆయనే. "ఆ ట్యాప్ హోల్ దగ్గర కెమెరా ఆపమ్మా" అన్నారు. కరిగిన ఇనుము బయటికొచ్చే ఆ రంధ్రం దగ్గర ఆపా. "కాస్త కిందకి తిప్పు. రన్నర్ కనబడుతుందా? హాట్ మెటల్ అటే పోయేది" అంటూ మొదలుపెట్టి, తన ఇంగ్లిష్‌లో ముడి ఇనుము ఎలా తీసేవారో, స్లాగ్ అనే మడ్డి ఎటు మళ్ళించేవారో, షిఫ్ట్‌లో ఎవరెక్కడ నుంచునేవారో అరగంట చెప్పారు. ముగ్గురూ ఫోను చుట్టూ తలలు పెట్టి వింటూ నుంచున్నారు. టర్కీ అబ్బాయి వాళ్ళ తాతది కూడా ఉక్కు ఫ్యాక్టరీ పనేనట, ఆ సంగతి అప్పుడు బయటపడింది. అంతవరకు ల్యాబ్‌లో హలో అంటే హలో అనుకున్న వాళ్ళం. ఆ మర్నాటి నుంచి కలిసి వండుకోవడం మొదలైంది. ముందురోజు ప్లాను వేసి, డబ్బులు చూసుకుని వెళ్ళాల్సి ఉంటే ఆ సాయంత్రం ఉండేదే కాదు.

ఎక్స్‌ప్రెస్ ఎక్కనివ్వరు కదా, అదో లోటు కాదా అని అడుగుతారు. సగం లోటు, సగం వరం. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఐసీఈ గంటలో పోతుంది, దారంతా సొరంగాలే. అదే ఆర్‌బీ26 ఎక్కితే బాన్, కోబ్లెంజ్ మీదుగా రైన్ నది ఒడ్డునే మైన్జ్ దాకా ఊగుతూ వెళ్తుంది. వెళ్ళేటప్పుడు ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, నది అటే ఉంటుంది. కోబ్లెంజ్ దాటాక కొండకో కోట, వాలు మీద ద్రాక్ష తోటలు, అవతలి ఒడ్డున లోరెలై కొండ. ఆ లోయని యునెస్కో 2002లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఎదురెదురు నాలుగు సీట్లలో కూర్చుని అమ్మ పంపిన చేగోడీలు, వియత్నాం అమ్మాయి తెచ్చిన బియ్యప్పిండి చుట్టలు మధ్యలో పెట్టుకున్నాం. ఎవరి ఊళ్ళో పెళ్ళికి ఎంతమందిని పిలుస్తారన్న దగ్గర మొదలైన మాటలు మైన్జ్ వచ్చినా తెగలేదు. అంత సమయం క్లాసులో దొరకదు, క్యాంటీన్‌లోనూ దొరకదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. వుప్పర్‌టాల్‌లో 1901 నుంచి నదిపై వేలాడుతూ పోయే రైలుంది, దానికీ ఇదే టికెట్. కొలోన్ చర్చి 1248లో మొదలై 1880లో పూర్తయింది. 533 మెట్లెక్కడానికి విడిగా డబ్బు కట్టాలి, కానీ అక్కడిదాకా వెళ్ళడం మీ టికెట్‌లోదే. నవంబరు 11 ఉదయం 11 గంటల 11 నిమిషాలకి ఆ ఊళ్ళో కార్నివాల్ సందడి మొదలవుతుంది. రైళ్ళలో కాలు పెట్టే చోటుండదు, ఏ వేషమైనా సరే వేసుకుని వెళ్ళండి. ఇంటి మీద బెంగ పట్టినప్పుడు నేను ఆర్‌ఈ1 ఎక్కి హాం వెళ్తా. ఊరి చివర ఊయెన్‌ట్రోప్‌లో శ్రీలంక తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి గుడి ఉంది. 2002లో ప్రతిష్ఠ జరిగింది. నిజమైన గోపురం ఉంది. వేసవిలో రథోత్సవానికి వేలమంది వస్తారు. గుడి లోపల అడుగుపెట్టగానే వచ్చే కర్పూరం వాసన కోసమే అంత దూరం వెళ్ళొచ్చు.

ఇక లోపాలు. ఇవి నేను దాచను, ఎందుకంటే మీ అమ్మలు అడుగుతున్నది వీటి గురించే. "రాత్రిళ్ళు ఆడపిల్ల ఒక్కర్తీ రైల్లో తిరుగుద్దా?" అని మా వీధి పిన్నిగారు అడిగారు. రైల్లో నాకు ఇబ్బంది రాలేదు, ఇబ్బందల్లా రైలు రానప్పుడే. ఒక జనవరి రాత్రి చిన్న స్టేషన్‌లో మా ఆఖరి రైలు రద్దయింది. వెయిటింగ్ రూమ్ లేదు, టీ కొట్టు లేదు, చలి ఎముకలు కొరికేస్తోంది. నలుగురం ఉన్నాం కాబట్టి డబ్బులు వేసుకుని ట్యాక్సీలో బయటపడ్డాం, ఒక్కదాన్నే ఉంటే చాలా కష్టమయ్యేది. వేరే టికెట్లున్న వాళ్ళు రైలు బాగా ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆ డబ్బు తిరిగి అడగొచ్చు. మన టికెట్‌కి మామూలుగా ఆ హక్కు లేదు. అందుకని ఆఖరి రైలు మీద ఎప్పుడూ ఆధారపడకండి, దాని ముందుదానికే బయల్దేరండి. వారాంతాల్లో పట్టాల పనులకి రైళ్ళు ఆపి బస్సులు వేస్తుంటారు, యాప్‌లో ముందే చూసుకోండి. టికెట్ ఫోన్‌లో ఉంటుంది, మీ పేరు మీదే చెల్లుతుంది, గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. చార్జింగ్ అయిపోయి చూపించలేకపోతే తనిఖీ వాళ్ళు 60 యూరోల చీటీ రాస్తారు. పవర్ బ్యాంక్ లేకుండా గడప దాటొద్దు.

దేశం దాటితే ఇది దాదాపుగా పనిచేయదు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ స్టేషన్ లాంటి కొన్ని చోట్ల తప్ప సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్ వెళ్ళాలంటే బస్సు టికెట్ వేరే కొనాలి. రెసిడెన్స్ పర్మిట్ చేతికొచ్చాక షెంగెన్ దేశాలన్నీ (ఉమ్మడి వీసా ఉన్న ఐరోపా దేశాలు) 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగొచ్చు. అయితే మొదటి ఏడాది ఆ తొందర వద్దంటాను. నాలుగు దేశాల రాజధానుల్లో ఫోటోలు దిగొచ్చి, పక్క గదిలో ఉన్నవాళ్ళ పేరు తెలియని పిల్లల్ని చూశాను. వాళ్ళకి జ్వరమొస్తే అన్నం పెట్టేవాళ్ళు లేరు.

తేదీల గురించి జాగ్రత్త. శీతాకాలం సెమిస్టర్ టికెట్ యూనివర్సిటీల్లో సాధారణంగా అక్టోబరు 1 నుంచే మొదలవుతుంది. సెప్టెంబరులో దిగేవాళ్ళు ఆ నెలకి మామూలు డాయిచ్‌లాండ్ టికెట్ కొనుక్కోవాలి. అది నెలనెలా దానంతటదే డబ్బు లాగేసుకుంటుంది, ఆపాలంటే సాధారణంగా ఆ నెల 10లోపు చెప్పాలి. 10 దాటాక కొంటే అక్టోబరుకీ కట్టాల్సొస్తుంది, అప్పటికి మీ చేతిలో సెమిస్టర్ టికెట్ ఉండనే ఉంటుంది. కాబట్టి నెల చివర్లో దిగేవాళ్ళు ఆ కొద్దిరోజులూ విడి టికెట్లతో నెట్టుకురండి.

అన్ని యూనివర్సిటీల్లోనూ ఈ సెమిస్టర్ టికెట్ లేదు. అడ్మిషన్ లెటర్ రాగానే విద్యార్థి సంఘం పేజీలో చూసుకోండి. రెండు యూనివర్సిటీల మధ్య తేల్చుకోలేకపోతున్న వాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకోండి. లేని చోట చేరితే ఏడాదంతా పూర్తి ధర కట్టక్కర్లేదు. క్రిస్మస్ బజార్లుండే డిసెంబరుకీ, పగలు రాత్రి పది దాకా సాగే జూన్‌కీ కొనండి. మిగతా నెలలు పాత సైకిలొకటి సంపాదిస్తే సరిపోతుంది.